దొంగల పడవకి మొవ్వుతాడు

ఆ రోజు జమైకా అవతలి దీవిలో, యాంకర్ బే ఒడ్డు ఇసుక మీద జరిగిన తగాదా సంగతి అడిగితే ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. చూసినవాళ్ళ కంటే చెప్పేవాళ్ళు ఎక్కువైపోయారు. అప్పటికి పుట్టనివాడు కూడా నేనక్కడే ఉన్నానంటాడు. మిస్ ఎల్వరీన్ మాత్రం కళ్ళారా చూసింది. చేపలు తోముతూ, చేతిలో కత్తితో, ఎదురుగా కూర్చుని మరీ చూసింది. కాబట్టి ఆమె చెప్పిందే జరిగినట్టు లెక్క. కాదన్నవాళ్ళు ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి కాదనొచ్చు. ఇంతవరకు ఎవరూ వెళ్ళలేదు.

సముద్రపు దొంగల పండగకి ఇంకా నెల ఉంది. ఏటా ఆ పండగనాడు ఊరి మగవాళ్ళు దొంగల వేషాలు కట్టి, పాత తాబేళ్ళ వేట పడవలో తెరచాప ఎత్తుకుని, పగడపు దిబ్బల సందులోంచి వచ్చి ఒడ్డున దిగుతారు. గవర్నరు వేషం వేసిన కొట్టు లిండ్‌బర్గ్‌ని పట్టుకుని, కాళ్ళూ చేతులూ కట్టి ఊరంతా ఊరేగిస్తారు. ఆ తర్వాత దొంగలూ గవర్నరూ అందరూ ఒకే బల్ల దగ్గర తింటారు. ఆ ఏడు పడవని ఒడ్డుకి లాగి బాగుచేస్తున్నారు. డైవింగ్ బోటు నడుపుకునే బర్నెల్ పసుపుపచ్చ నైలాను తాడు చుట్ట ఒకటి తెచ్చి ఇసుకలో పడేశాడు. పడవకి కెప్టెను ఆరెట్ కానలీ దాన్ని కాలితో పక్కకి నెట్టాడు.

"ఏంటది?"

"తాడు. కళ్ళు కనబడట్లేదా?"

"దొంగల కాలంలో నైలాను ఎక్కడిదిరా? అది నా పడవ ఎక్కదు."

"దొంగల కాలంలో నీ పళ్ళు కూడా లేవు కదా కెప్టెన్! అవి తీసి ఇంట్లో పెట్టొచ్చావా?"

ఒడ్డున ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆరెట్ కూడా నవ్వాడు. నవ్వుతూనే నోట్లో చెయ్యిపెట్టి కట్టుడుపళ్ళు ఊడబెరికి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇదిగో, తీశాను. ఇప్పుడు నీ తాడు తియ్యి," అన్నాడు బోసినోటితో.

అంతటితో బర్నెల్ ఊరుకుంటే తగాదా ఎలా అవుతుంది? "తీసేసి దేంతో కడతావు? ఆవుల్ని కట్టే తాటి మొవ్వుతాడుతోనా? అది పేనే ముసలమ్మలంతా ఎప్పుడో స్వర్గానికి పోయారు," అన్నాడు.

మిస్ ఎల్వరీన్ చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఒకావిడ పోలేదు," అన్నాడు ఆరెట్. "అదిగో, కత్తి పట్టుకుని నిన్నే చూస్తోంది. దూరంగా జరుగు."

పండగ కమిటీని పిలుద్దామన్నాడు బర్నెల్. దొంగల ఓడ మీద కమిటీ ఏంటన్నాడు ఆరెట్. దొంగల కట్టుబాటు ప్రకారం ఓడలో అందరూ చేతులెత్తి ఏది ఒప్పుకుంటే అదే జరుగుతుంది, కెప్టెనైనా ఆ చేతులకి లోబడాల్సిందే. సరే, ఎత్తండన్నాడు బర్నెల్. కుర్రకారంతా అతని వైపే మరి. నైలాను వైపు లేచిన చేతులు చూస్తే ఎవరికైనా అర్థమైపోతుంది. మొవ్వుతాడు వైపు ఆరెట్ చెయ్యి, ఇంకో ఇద్దరు ముసలాళ్ళ చేతులు తప్ప లేవు.

అప్పుడు ఆరెట్ చేపలు తోమే ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "తాడు పేనేవాళ్ళు కూడా పడవవాళ్ళే. ఈ ఆడవాళ్ళలో చిన్నప్పుడు తాడు పేనని చెయ్యి ఒక్కటి చూపించు. అమ్మలూ, ఎత్తండి చేతులు!"

పొలుసులు అంటుకున్న చేతులు, రక్తం కారే చేతులు, కత్తులతో సహా పైకి లేచాయి. అందరికంటే ముందు లేచింది మిస్ ఎల్వరీన్ చెయ్యే. ఎందుకెత్తిందంటే ఆమెకే తెలియదు. ఒళ్ళు మండి ఎత్తిందనుకోవచ్చు.

"ఇది దొంగతనం!" అని అరిచాడు బర్నెల్.

"మరి మనం చేస్తున్నది ఏం పండగనుకున్నావు?" అని ఆరెట్ జేబులోంచి పళ్ళు తీసి, ఇసుక దులిపి పెట్టుకున్నాడు.

ఆరెట్ కానలీ అదే ఒడ్డున పుట్టాడు. తండ్రి తాబేళ్ళ వేటకి వెళ్ళి, ఒక ఏడు తిరిగి రాలేదు. మీసం సరిగ్గా మొలవకముందే ఆరెట్ ఖనిజం మోసే ఇనుప ఓడల్లో పనికి పోయాడు. ఆ రోజుల్లో ఊళ్ళో మగపురుగన్నది కనబడేది కాదు. ఆడవాళ్ళు, మేకలు, ఓడల నుంచి వచ్చే జాబులు, అంతే. అతను వెనక్కి వచ్చేసరికి తల నెరిసింది, ఎడమచేతి ఉంగరం వేలు లేదు. గొలుసు చుట్టే యంత్రంలో పడి పోయిందట. ఎవరైనా జాలిపడబోతే ఒక్కటే మాట చెప్పేవాడు.

"పూర్వం దొంగల ఓడలో కాలికింత, కంటికింత, వేలికింత అని ముందే రాసుకుని, పోగొట్టుకున్నవాడికి అందరికంటే ముందు ఇచ్చేవాళ్ళు. నేను పనిచేసింది దొరల ఓడలో. నాకు పట్టీ కట్టి, మధ్యాహ్నం నుంచి పనికి రమ్మన్నారు."

ఆ సంగతి ఓడలో భోజనాల గదిలో ఎవరో వదిలేసిన పుస్తకంలో చదివాడు. కూడబలుక్కుంటూ చదివాడు. అప్పట్నుంచి ఆ పిచ్చి పట్టింది. దొంగలు మంచివాళ్ళని అతనెప్పుడూ అనలేదు, వాళ్ళు చేసిన పాడుపనులన్నీ అతనికి తెలుసు. కానీ చేతులెత్తి కెప్టెన్ని ఎన్నుకున్నారు, చేతులెత్తి దింపారు అన్న ముక్క అతని మనసులో ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. జీవితమంతా ఒకడు అరిస్తే లేచి, ఒకడు అరిస్తే పడుకున్నవాడికి ఆ ముక్క ఎంత తీపిగా ఉంటుందో బయటివాళ్ళకి తెలియదు.

ఊరికి వచ్చాక వేషాల పని తన నెత్తిన వేసుకున్నాడు. అంతకు ముందు పండగలో దొంగలంటే ప్లాస్టిక్ కత్తులు, పుర్రె బొమ్మల చొక్కాలు, నల్ల కళ్ళద్దాలు. ఆరెట్ పాత తెరచాప గుడ్డతో కోటు కుట్టుకున్నాడు, చేత్తోనే. మిషను కుట్టు బయటికి కనబడితే నిద్రపట్టేది కాదు మనిషికి. బొత్తాలు కొమ్ముతో చెక్కాడు. టోపీకి తారు పూసి ఎండలో పెడితే ఊళ్ళో కుక్కలన్నీ దాని చుట్టూ తిరిగి తుమ్మేవి. అతని భార్య మిస్ డెల్సీ (ఆ ఊళ్ళో పెళ్ళయినావిడ కూడా మిస్సే), పాపం పుణ్యాత్మురాలు, "ఇంకో ఆడదాన్ని తెచ్చుకున్నా సరిపెట్టుకునేదాన్ని, దానికి ఇంత బట్ట పట్టదు," అనేది. అంటూనే పక్కన కూర్చుని చొక్కా చేతులు కుట్టిపెట్టేది. పడవెక్కే ముందు ఆరెట్ అందర్నీ వరసగా నిలబెట్టి చూసేవాడు. ఫోన్లన్నీ కర్రపెండలం బుట్టలో పడాల్సిందే. చేతి గడియారం తీసేసినవాడి మణికట్టు మీద తెల్లమచ్చ ఉంటే దానికి మసి రాసేవాడు. ఒకసారి లిండ్‌బర్గ్, "నేను గవర్నర్ని, దొంగని కాను, నాకెందుకు మసి?" అని ఎగిరాడు. "గవర్నరు గంట చూసుకుంటాడా? ఎవడో ఒకడు వచ్చి చెబుతాడు," అని అతనికీ రాశాడు.

తగాదా జరిగిన సాయంత్రం మిస్ ఎల్వరీన్ ఆరెట్ ఇంటికి వెళ్ళి దులిపేద్దామని బయల్దేరింది. ముసలమ్మని అందరి ముందు వీధిలోకి లాగుతాడా? ఆమె గుమ్మం దిగేలోపే అతనే వచ్చాడు, భుజం మీద, ఆకు అడుగున వెండిలా మెరిసే వెండితాటి మొవ్వుల మోపుతో.

"నన్ను అడిగావా?" అంది ఆమె.

"ఇప్పుడు అడుగుతున్నాను మిస్ ఎల్వరీన్."

"చేతులెత్తించాక అడగడం ఏంటి? పెళ్ళయ్యాక పిల్లని అడిగినట్టు."

"నువ్వు కాదంటే బర్నెల్ కాళ్ళు పట్టుకుంటాను. నైలాను కట్టుకుంటాను. పండగంతా వాడి నవ్వు వింటాను. నీ ఇష్టం."

మోపు దించి గుమ్మం పక్కన పెట్టాడు. తలుపు కొట్టుకోకుండా దాని కింద దోపిన చెక్క అప్పుడు కనబడింది అతనికి. గుప్పెడంత చెక్క, మీద నిలువునా చెక్కిన మూడు గాళ్ళు. ఒకప్పుడు మూడు పేటలు మూడు గాళ్ళలోంచి సాగి ఒక్క తాడుగా పెనవేసుకునేది దాని మీదే. వంగి చూసి, దాన్ని ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు. అలా ముట్టుకోకుండా వెళ్ళినందుకే ఆమె ఆలోచించింది.

ఆమె తల్లి, అమ్మమ్మ, ఆమె, అందరూ ఆ చెక్క మీదే బతికారు. మగవాళ్ళు సముద్రం మీదున్నప్పుడు పిల్లల నోట్లోకి ముద్ద పోయింది తాడు వల్ల. పున్నమి దాటాక మొవ్వులు కోసి, ఎండబెట్టి, చీల్చి, తొడమీద పురిపెట్టి, ముగ్గురు కలిసి చక్రం తిప్పి పేనిన తాడు జమైకా పడవల మీద పోయేది. ఉప్పునీళ్ళలో నానినకొద్దీ గట్టిపడే తాడు అది. బడిలో రెండో పుస్తకం దాటలేదు ఎల్వరీన్. ఎందుకంటే చక్రం తిప్పడానికి మూడో మనిషి కావాలి. దానికి ఆమె ఎప్పుడూ ఏడవలేదు. తాడు పేనడంలో తనని మించినది లేదని ఊరంతా ఒప్పుకున్నారు, అది చాలు. అప్పుడు నైలాను వచ్చింది. జమైకా పడవలు ఆగిపోయాయి. ఒకరోజు ఆమె ఆ చెక్కని తలుపు కింద దోపి, చేపలు తోమడానికి పోయింది. అంతే, దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవుల తాడు అని బర్నెల్ అన్నప్పుడు ఆమెకి తగిలింది అందుకే. అన్నాళ్ళూ తను చేసింది పనికిమాలిన పనేమో అన్న అనుమానం ఎవరికీ చెప్పకుండా ఆమె లోపల ఒక మూల ఉంటూ వచ్చింది. వాడు దాన్ని ఒడ్డు మీద అందరి ముందు పైకి అనేశాడు.

ఇప్పుడు తాడు పేని, అది పడవ మీద తెగితే? నవ్వేది ఆరెట్‌ని కాదు.

మర్నాడు మొవ్వులు ఎండకి పరిచింది. తలుపు కిందనుంచి చెక్క లాగింది. తలుపు రాత్రంతా కొట్టుకుంది, కొట్టుకోనీ. చేతులు మొదట్లో మొరాయించాయి. తర్వాత గుర్తుతెచ్చుకున్నాయి. మేనకోడలు జోసింటాని చక్రం దగ్గర నిలబెట్టింది. రెండో చక్రం ఆరెట్ తిప్పాడు, నాలుగు వేళ్ళ చేత్తో, తిట్లు తింటూ.

"నెమ్మదిగా! అది బొంగరం కాదు గిరగిరా తిప్పడానికి. ఓడ మీద ఇలాగే తిప్పావా? అందుకే వేలు పోయింది."

"అవును మిస్ ఎల్వరీన్."

"అవునంటే చాలదు. వంగు."

తాడు ఇచ్చేటప్పుడు ఒక్కటే చెప్పింది. "దీనికి దాహం ఎక్కువ. నీళ్ళు తాగి బిగుసుకుంటుంది. ఎండలో కట్టినప్పుడు వదులు వదలాలి. మరిచిపోకు." అలాగేనన్నాడు.

ఆ పండగకి పడవ వచ్చింది. నీలం నీళ్ళ మీద వెలిసిపోయిన తెరచాప, దానికి బంగారం రంగు తాళ్ళు. మిస్ ఎల్వరీన్ ఒడ్డున నిలబడి గవర్నర్ని చూడలేదు, కత్తులు చూడలేదు, తుపాకుల పొగ కూడా చూడలేదు. తాడు చూసింది. తెరచాప దిగింది, తాడు చెయ్యి జారకుండా, కిర్రుమనకుండా దించింది. పక్కన నిలబడ్డ జోసింటా, "ఆంటీ, ఏడుస్తున్నావా?" అంది. "ఈ తుపాకుల పొగ ఎవడు పెట్టమన్నాడు?" అంది మిస్ ఎల్వరీన్.

తర్వాత్తర్వాత ఏటా పండగకి ముందు ఆమె ముంగిట్లో చక్రాలు తిరిగేవి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మొవ్వులు చీల్చడానికి వచ్చి కూర్చునేవాళ్ళు. తాడు ఎంత పేనేవాళ్ళో గానీ ఊరి కబుర్లు అంతకు పదింతలు పేనేవాళ్ళు. ఆమె ఇంట్లో మళ్ళీ మనుషుల అలికిడి వచ్చింది. చెక్క మళ్ళీ తలుపు కిందికి పోలేదు. తలుపుకి బర్నెల్ భార్య ఒక రాయి తెచ్చిచ్చింది. ఆ ఇల్లాలు మంచిది, మొగుడి సంగతి వదిలెయ్యండి.

ఇలా ఉండగా ఒక ఏడు జరిగింది ఆ ఘోరం.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. పండగనాడు మధ్యాహ్నం పడవ బయల్దేరేముందు ఆరెట్ తాళ్ళన్నీ మళ్ళీ తనే కట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా చూడ్డానికి వచ్చారని మోజు. అన్నీ వీణ తీగల్లా బిగించాడు. ఇనుప ఓడల మీద ఉక్కుతీగ కట్టిన చెయ్యి కదా, తాడు కాస్త వేలాడితే అతని కంటికి అది బద్ధకంలా కనబడేది. పడవ దిబ్బల అవతలికి వెళ్ళిందో లేదో, ఎక్కడ్నుంచో ఒక మబ్బు వచ్చి కుండపోతగా కురిసి పోయింది. ఒడ్డున అందరూ పందిళ్ళ కిందికి పరిగెత్తారు. మిస్ ఎల్వరీన్ పరిగెత్తలేదు. వానలో నిలబడి సముద్రం వైపు చూస్తూ, "అయ్యో, అయ్యో," అంది. ఎందుకంటే తాడు ఏం చేస్తుందో ఆమెకి తెలుసు.

తాడు నీళ్ళు తాగింది. తాగి ఉబ్బింది, పొట్టిదయింది, కప్పీలో బిగుసుకుపోయింది. పడవ దిబ్బల సందులోంచి లోపలికి వచ్చాక తెరచాప దించాలి. ఆరెట్ లాగాడు. దిగలేదు. ముగ్గురు కలిసి లాగారు. దిగలేదు. వెనకనుంచి గాలి. పడవ గుర్రంలా వచ్చింది.

ఒడ్డున ఉన్నవాళ్ళు మొదట ఇది కూడా ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. ఆరెట్ "జరగండి! జరగండి!" అని అరుస్తుంటే, ఎంత బాగా చేస్తున్నాడో అని ఇంకా గట్టిగా కొట్టారు. పడవ ఇసుకెక్కి, తిండి బల్లని తోసుకుని, కర్రపెండలం కేకుల మీదుగా వెళ్ళి గవర్నరు వేదికకి గుద్దుకుంది. తెరచాప కర్ర ఫెళ్ళున విరిగింది. జుట్టు టోపీ ఒకవైపు, తను ఒకవైపు దూకిన లిండ్‌బర్గ్ ఇసుకలోంచి లేచి, "దొంగలొస్తారని చెప్పారు గానీ ఇలా నిజంగా వస్తారని ఎవరూ చెప్పలేదే!" అన్నాడు. దేవుడి దయ, బర్నెల్ కాలు బెణకడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

నవ్వులు ఆగాక అందరూ విరిగిన కర్రని చూశారు. ఆ తర్వాత దానికి చుట్టుకుని ఉన్న తాడుని చూశారు. కుంటుకుంటూ వచ్చిన బర్నెల్ దాన్ని చేత్తో ఎత్తి చూపించాడు.

"ఇదిగో! నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను. ఆవుతాడు ఆవుకే. ఇవాళ పిల్లలు ఎవరైనా అడ్డముంటే? చేతులెత్తండి. ఇక నైలానే."

ఎవరూ అతని మాట కాదనలేదు. కాదనడానికి ఏముంది? మిస్ ఎల్వరీన్‌కి తలుపు కింద చెక్క గుర్తొచ్చింది. రాయి బర్నెల్ ఇంటికి తిరిగి పంపాలి అనుకుంది. మనుషులు ఆమె వైపు చూడకుండా తల తిప్పుకుంటున్నారు. చూస్తే బాగుండేది. తల తిప్పుకోవడమే భరించలేకపోయింది.

ఆరెట్ ఒక్కమాట అనకపోయినా చాలు. ఊరుకుంటే తప్పు తాడు మీద పోయేది, టోపీ అతని నెత్తిన ఉండేది. ఆమె చెప్పిన మాట ఆమెకీ అతనికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె తనంతట తాను చెబితే, ముసలమ్మ తప్పించుకుంటోంది అనేవాళ్ళు.

అతను పడవలోంచి దిగాడు. గడ్డానికి కేకు అంటుకుని ఉంది.

"చేతులు దించండి. తాడు తప్పేం లేదు. దీనికి దాహం, వదులు వదలమని మిస్ ఎల్వరీన్ మొదటి ఏడే చెప్పింది. నేను అలాగే అన్నాను. అని, ఇవాళ చూడ్డానికి బాగుండాలని బిగించాను. బిగించిన చెయ్యి ఇదీ. చేతులు ఎత్తాలంటే తాడు మీద కాదు, నా మీద ఎత్తండి. కట్టుబాటు అది."

"కెప్టెన్, అంత దూరం ఎందుకులే..." అన్నాడు బర్నెల్. ఎత్తిన తాడు కింద పెట్టేశాడు.

"ఎత్తమన్నాను."

ఎత్తారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఇష్టం లేకుండానే ఎత్తారు. ఆరెట్‌ని దింపేశారు, బర్నెల్‌ని ఎన్నుకున్నారు. ఆరెట్ తన తారు టోపీ తీసి, కేకు తుడిచి, బర్నెల్ నెత్తిన పెట్టాడు. చెవుల దాకా దిగిపోయింది. "నీ తలలో ఏమీ లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను, ఇప్పుడు కొలిచి చూపించావు," అన్నాడు. అప్పుడు గానీ ఒడ్డు మీద మళ్ళీ నవ్వు రాలేదు.

థాంక్స్ అనే మాట మిస్ ఎల్వరీన్ నోటికి తిరగదు, చిన్నప్పట్నుంచి అంతే. మర్నాడు ఒక కర్రపెండలం కేకు చేసి, బట్టలో కట్టి, ఆరెట్ ఇంటికి పట్టుకెళ్ళింది.

"ఎక్కువ మిగిలింది. మేకలు తినవు. నువ్వు తింటావేమోనని," అంది.

"నిన్న కేకులన్నీ నేనే తొక్కేశాను కదా, మిగలడం ఏంటి?" అన్నాడు.

"తింటావా, పట్టుకుపోనా?"

తిన్నాడు. కట్టుడుపళ్ళు తీసేసి మరీ తిన్నాడు. ఆమె తిన్నంతసేపూ కూర్చుంది.

తర్వాతి ఏడు ఆరెట్ మామూలు దొంగగా పడవెక్కాడు. నీళ్ళు తోడిపోశాడు, ఒడ్డున చేపల పులుసు కాచాడు. చెప్పిన పని చేశాడు. ఒక్కసారి కూడా బర్నెల్ మాటకి అడ్డం రాలేదు, మనసులో ఎంత దురద పుట్టిందో దేవుడికి తెలుసు. నలభై ఏళ్ళు దొరల కింద తలవంచినవాడు తను ఎన్నుకున్నవాడి కింద తలవంచడం చూస్తే ఆ రెండూ ఒకటి కాదని తెలిసింది మిస్ ఎల్వరీన్‌కి. మొదటిదానిలో మెడ వంగుతుంది. రెండోదానిలో మనిషి ఇంకాస్త పొడుగ్గా కనబడతాడు.

ఇక బర్నెల్. కెప్టెనైన మొదటి ఏడే, పండగకి ముందు, ఆమె ముంగిట్లోకి వచ్చి టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. ఆమె చాలాసేపు మొవ్వులు చీలుస్తూ అతన్ని అలాగే నిలబడనిచ్చింది.

"మిస్ ఎల్వరీన్."

"ఆవు తప్పిపోయిందా? నా దగ్గర లేదు."

"మిస్ ఎల్వరీన్, ఎంత వదులు వదలాలో చూపిస్తావా?"

ఆ ఒక్క మాటకి ఆమె పన్నెండు రకాల జవాబులు దాచిపెట్టుకుంది, ఏళ్ళ తరబడి. ఒక్కటీ వాడలేదు. లేచి, తాడు అతని చేతిలో పెట్టి చూపించింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ పడవకి నైలాను ఎక్కలేదు. అదంతా ఆరెట్ టోపీ పోగొట్టుకుని కొన్నది. ఆమెకి తెలుసు, అతనికీ తెలుసు, ఆ మాట ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

మొన్న ఎండాకాలంలో ఆరెట్‌కి గుండె జబ్బు చేసింది. డాక్టర్లు మెట్లెక్కొద్దన్నారు, ఉప్పు మానమన్నారు, పడవ మాట ఎత్తొద్దన్నారు. మిస్ డెల్సీ పోయి చాలాకాలమైంది, తిట్టేవాళ్ళు లేక మనిషి చిక్కిపోయాడు. మిస్ ఎల్వరీన్ రోజూ పోయి తిట్టి వచ్చేది. పండగ దగ్గరపడ్డాక ఒకరోజు పొద్దున్నే అతనే ఆమె గుమ్మంలో కనబడ్డాడు. మొదటిసారి వచ్చినట్టే, భుజం మీద మొవ్వుల మోపు. కాకపోతే చిన్న మోపు. ఊపిరి ఎగదన్నుతోంది.

"బరువు మొయ్యొద్దన్నారు కదరా నిన్ను!"

"ఇది బరువా? ఆకులు." మెట్టు మీద కూర్చున్నాడు. "మిస్ ఎల్వరీన్, ఒక జత తాళ్ళు కావాలి. పొడుగు అక్కర్లేదు. లావుగా."

"పడవకి అయిపోయాయిగా. బర్నెల్ మొన్ననే పట్టుకుపోయాడు."

"పడవకి కాదు."

ఆమె అతని మొహం చూసింది. కొండ పక్కన, చర్చి వెనకాల, మిస్ డెల్సీ పక్కన ఖాళీ జాగా ఉంది. ఈ మధ్య అక్కడ శవపెట్టెలన్నీ నైలాను పట్టీలతోనే దించుతున్నారు. ఆ సంగతి ఆమెకి చెప్పక్కర్లేదు.

"నైలాను మీద దిగడానికా ఇన్నాళ్ళూ పోట్లాడింది?" అన్నాడు ఆరెట్. "నాలుగు వేళ్ళవాడికి ఆ మాత్రం మర్యాద చెయ్యరా?"

ఆమెకి కోపం వచ్చింది. కోపం వస్తేనే ఆమె నోరు సరిగ్గా పనిచేస్తుంది. "తెలివితక్కువ ముసలాడా! మొవ్వుతాడు ఉప్పునీళ్ళలో ఉంటే గట్టిపడుతుంది, ఇంట్లో పడుంటే పొడి అయిపోతుంది. ఇప్పుడు పేని పెడితే, నువ్వు ఇప్పుడప్పుడే పోకపోతే? ఆ తాడుతో నిన్ను దించితే మధ్యలో తెగి తలకిందులుగా పడతావు. డెల్సీ నవ్వుతుంది."

"అందుకే అడుగుతున్నాను. ఈ ఏటికి ఒక జత పేను. నేను వాడకపోతే పడవకిచ్చెయ్. వచ్చే ఏడు కొత్త జత పేను. ఆపై ఏడు ఇంకో జత."

"నీకంటే పదేళ్ళు పెద్దదాన్ని నేను. నేనే ముందు పోతే?"

"అప్పుడు ఆ జత నీది. ఎవరికి ముందు కావాలో వాళ్ళకి. కట్టుబాటు ప్రకారం అడుగుతున్నాను, చెయ్యెత్తు."

ఇంట్లోంచి జోసింటా చక్రాలు ఈడ్చుకొస్తున్న చప్పుడు వినబడింది. మిస్ ఎల్వరీన్ మూడు గాళ్ళ చెక్కని ఒళ్ళో పెట్టుకుని, దాని అరిగిన అంచుని బొటనవేలితో రాస్తూ కూర్చుంది. ఆ తర్వాత చెయ్యెత్తింది. అతను కూడా ఎత్తాడు, నాలుగు వేళ్ళతో.

"ఇంకొకటి," అన్నాడు ఆరెట్, మోపు విప్పి మొదటి మొవ్వు ఆమెకి అందిస్తూ. "అక్కడ ముడి బర్నెల్‌ని వెయ్యనివ్వకు. ఇంకెవరినీ వెయ్యనివ్వకు. నువ్వే రా, నువ్వే కట్టు. కాస్త వదులు వదులు, మిస్ ఎల్వరీన్. ఆ రోజు వాన పడొచ్చు."